రూటు కాగితం వెనక

వెర్నా కొవాల్చిక్ మా బాయిలర్ గదిలోకి
ఓటడగడానికి రాలేదు.
"ఎన్నేళ్లదిది?" అంది,
దాని ఇనుప పొట్ట మీద అరచెయ్యి ఆనించి
జ్వరం చూసినట్టు.
"నాకన్నా నాలుగేళ్లు పెద్దది."
"మరి నీ రిటైర్మెంటెప్పుడు?"
"ముందు దీన్ని పంపించాకే."
నవ్వి, కోటు జేబులోంచి కాగితం తీసింది.
పందొమ్మిదేళ్లు తను నడిపిన స్కూలు బస్సు రూటు కాగితం.
ముందు వైపు స్టాపులు, దిగే పిల్లల పేర్లు.
వెనక వైపు, పెన్సిల్‌తో,
గెలిస్తే ఏది ముందు, ఏది తర్వాత.

మొదటిది బాయిలరు కాదు.
అబద్ధమెందుకు, కాస్త చివుక్కుమంది.
మొదటిది మూడో తరగతి గది కప్పు.
వానొస్తే పాఠం ఆపి టీచరు బకెట్లు జరుపుతుంది.
పిల్లలు చినుకులు లెక్కపెట్టి కూడికలు నేర్చుకున్నారని
ఎవరో గొప్పగా చెప్పబోతే
వెర్నా వాళ్లకేసి చూసిన చూపు
నాకింకా గుర్తు.

వాగుకి ఇవతల మేం, మూతబడ్డ ఉక్కు మిల్లు పక్కన.
అవతల గుట్ట మీద వాళ్లు.
అసెంబ్లీ సీటు రెంటికీ ఒకటే,
బడి ఖజానాలు మాత్రం వేరు.
పిండి కొద్దీ రొట్టె అంటారు,
ఇక్కడ ఇంటి ధర కొద్దీ బడి.
గుట్ట మీద నూటికి తక్కువే కడతారు,
బడిలో ఈతకొలనుకి వేడినీళ్లు.
మేం నూటికి ఎక్కువే కడతాం,
మాకు బకెట్లు.
ఈ లెక్క నేనెన్నిసార్లు వేసినా
చివర్న ఏదో మర్చిపోయినట్టే ఉంటుంది.
మర్చిపోయిందేం లేదు. లెక్కే అంత.

స్టేడియం లైట్లు ఆరోది.
దాన్ని కొట్టేసింది.
వాళ్ల మేనల్లుడు మా టీములో ఆడతాడు,
వారం రోజులు అత్తతో మాట్లాడలేదు.

ఎల్వైరా ప్రూయిట్ గారి వాకిట్లో
ఆమె మెట్టు మీద కూలబడటం నేను చూశాను.
"మా ఆఖరివాడి చదువైపోయి ముప్ఫయ్యేళ్లమ్మా,
పన్ను ఇంటి పైకప్పు దాకా తినేసింది.
ఇంకా ఎంత?" అందావిడ.
వెర్నా దగ్గర జవాబు లేదు.
లేదని చెప్పింది కూడా.
మర్నాడు కాగితం మీద కొత్త గీత:
"ఇళ్ల మీద కాదు. మరెక్కణ్ణించి?"
ఆ ప్రశ్న గుర్తు మీద పెన్సిలు
రెండు మూడుసార్లు తిరిగింది.

గుట్ట మీద లైబ్రరీలోనూ అదే కాగితం చదివింది.
ఒక్క ముక్క మార్చలేదు.
"మా పిల్లల డబ్బు పట్టుకుపోతారా?"
లేచి నిలబడి అడిగాడు థాడియస్ లిండ్‌క్విస్ట్.
"మీ పిల్లల్నీ నేను మోశానండీ,
మీ డ్రైవరుకి కాలు విరిగిన ఏడాది.
దిగేటప్పుడు థాంక్స్ చెప్పేవాళ్లు.
మావాళ్లూ చెబుతారు.
బస్సులో నాకు తేడా దొరకలేదు.
దిగాకే, ఏ తలుపులోకి వెళ్తారో అక్కడే."
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ఆయన కూర్చోనూ లేదు.
వెనక వరసలో ఒకావిడ మాత్రం
కాగితాన్ని ఫోనులో ఫోటో తీసుకుంది.
ఏ వైపు ఫోటో తీసిందో తెలీదు.

పోలింగు మా బడి జిమ్‌లోనే.
నవంబరు చలి, ఎముకలు కొరికే రకం.
తెల్లారి నాలుగింటికే బాయిలరు వెలిగించాను.
అది దగ్గింది, మూలిగింది, చివరికి అంటుకుంది.
పైన పైపుల్లో టకటకలు,
వాటి మీద బూట్ల చప్పుళ్లు,
ఒక్కొక్కరే, వాగుకి ఇవతలివాళ్లు.
నా వంతు తర్వాత వస్తుంది.

ఆ కాగితంలో దీని నంబరు ఏడు.
ఆరోది కొట్టేశారు గనక ఇప్పుడు ఆరే.
"ఆరు దాకా ఆగవే ముసలీ," అని
వేడెక్కుతున్న పొట్ట మీద
రెండుసార్లు తట్టి
మెట్లెక్కాను.